చీరాలలో నా కథల పుస్తకానికి సభ పెట్టుకున్నాను: జూలై నుంచి డిసెంబరు దాకా ఏం జరిగిందంటే

2025 జూలై 5, శనివారం సాయంత్రం విజయవాడ ప్రెస్సు నుంచి పది అట్టపెట్టెలు వచ్చి మా గుమ్మం ముందు దిగాయి. 500 కాపీలు, 152 పేజీలు, వెల 160 రూపాయలు. పదకొండేళ్లుగా బడి సెలవుల్లో, ఆదివారాల్లో రాసుకున్న పద్నాలుగు కథలు. ఒక పెట్టె టేపు కోసి పైనున్న పుస్తకం చేతిలోకి తీసుకుంటే వేళ్లు వణికాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు. పెట్టెలు మంచం కిందకి తోసి పడుకున్నానే గానీ మధ్యలో రెండుసార్లు లేచి లైటు వేసి చూసుకున్నాను.

మర్నాటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. ఆవిష్కరణ ఎక్కడ?

హైదరాబాద్‌లో ఉండే స్నేహితురాలు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెట్టమంది. రాసేవాళ్లకి అక్కడికి రావడం అలవాటు, నువ్వు పిలవకపోయినా పదిమంది వస్తారు అంది. ఇంకో మిత్రుడు జనవరి దాకా ఆగమన్నాడు, విజయవాడ పుస్తక మహోత్సవంలో అయితే జనం ఎటూ ఉంటారని. ఇద్దరి మాటా సబబే. కానీ నా పద్నాలుగు కథల్లో పదకొండు చీరాలకీ వేటపాలేనికీ మధ్య మగ్గాల ఇళ్లలో జరిగేవి. వాటిలో మనుషులు హైదరాబాద్ హాలుకి రారు, రాలేరు. వాళ్లు లేని చోట వాళ్ల కథల గురించి ముగ్గురు మాట్లాడి శాలువాలు కప్పుకుంటే నాకేం తెలుస్తుంది? ఇది తేల్చుకోవడానికే జూలై అంతా పట్టింది. చివరికి మా పేటలోనే, చేనేత సంఘంవాళ్ల పాత హాల్లో పెడదామనుకున్నాం. అద్దె 2,000. ఫ్యాన్లు నాలుగున్నాయి, రెండు తిరుగుతాయి.

మాట్లాడేవాళ్లని ఒప్పించడం ఇంత కష్టమని నేననుకోలేదు. ఆగస్టు 3న పేరున్న ఒక విమర్శకుడికి ఫోన్ చేశాను. "పుస్తకం పంపండమ్మా, చదివి చెబుతాను" అన్నారు. మర్నాడే ఆయనకీ, సభకి పిలవాలనుకున్న మిగతావాళ్లకీ పంపడానికి పోస్టాఫీసుకి వెళ్లాను. పుస్తకాలకని ఆ ఏడాది మే నెలలో తపాలావాళ్లు కొత్తగా జ్ఞాన్ పోస్ట్ పెట్టారు కదా, అప్పట్లో 300 గ్రాముల లోపు 20 రూపాయలు, పన్ను అదనం. నా పుస్తకం కవరుతో కలిపి 230 గ్రాములు తూగింది. కౌంటర్లో అమ్మాయి కవరు మీద జ్ఞాన్ పోస్ట్ అని పెద్దక్షరాలతో రాసి తెమ్మని వెనక్కి పంపింది. 24 కవర్ల మీద రాసి మళ్లీ వరుసలో నిలబడేసరికి భోజనాల వేళయింది. మొత్తం 560 పైచిలుకు. విమానంలో కాకుండా నేల మార్గాన వెళ్తాయి కాబట్టి ఆలస్యం అవుతుంది. బాపట్లకి ఆరో రోజున, హైదరాబాద్‌కి తొమ్మిదో రోజున అందాయి. సభ దగ్గర పెట్టుకుని పంపేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

విమర్శకుడి దగ్గర్నుంచి 37 రోజులు కబురు లేదు. ఈ 37 రోజులూ నాకు చదివినంత సేపూ చెడుగానే తోచింది నా పుస్తకం. రాత్రిపూట తెరిచి ఏదో ఒక పేజీ చదవడం, ఈ వాక్యం చూసే ఆయన మూసేసి ఉంటారనుకోవడం. సెప్టెంబరు 10న ధైర్యం చేసి మళ్లీ ఫోన్ చేస్తే పుస్తకం ఎక్కడో పెట్టారట, దొరకలేదట. ఇంకొకటి పంపమన్నారు. పంపలేదు. కోపంతో కాదు, అప్పటికి ఓపిక అయిపోయింది.

ఈలోగా ఒప్పుకున్నవాళ్లు ఇద్దరు. విజయవాడలో ఉండే ఒక సీనియర్ కథారచయిత్రి, గుంటూరు నుంచి ఒక తెలుగు లెక్చరర్. రచయిత్రి ఫోన్లో మొదట అడిగింది ఇది: "వినేవాళ్లలో పుస్తకం ముందే చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు?" నేను నీళ్లు నమిలాను. "ఒక నలుగురైదుగురి చేత చదివించమ్మా. లేకపోతే నేనొచ్చి కథలు చెప్పేసి పోవడమే అవుతుంది" అన్నారు.

ఆ మాట మీద ఆగస్టు చివర్లో నలుగురికి పుస్తకాలిచ్చాను. చీరల కొట్లో లెక్కలు రాసే ఒకాయన, డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి, రిటైరైన నర్సు, మా వెనక వీధిలో ఇప్పటికీ మగ్గం నేసే బాబాయ్. సభలో మాట్లాడటానికి ఒక్కొక్కరికీ ఏడు నిమిషాలన్నాను. లెక్కల ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అమ్మాయి సిగ్గుపడింది. నర్సమ్మ, "నాకు మైకులో మాట్లాడ్డం రాదు, రాసుకొచ్చి చదువుతా" అంది. బాబాయ్ పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "ఏడో తరగతి చదువమ్మా మాది, కళ్లజోడు బాగు చేయించుకుని చూస్తాలే" అన్నాడు. చదువుతాడని నేను అనుకోలేదు. అతిథులకి పంపిన వాటికన్నా ఈ నాలుగు కాపీలే నాకు ఎక్కువ ఫలం ఇచ్చాయి.

నవంబరు 2, ఆదివారం పొద్దున 10.30కి ముహూర్తం. ఇక ఆహ్వాన పత్రిక సంగతి. సభాధ్యక్షులుగా మాకు తెలుగు చెప్పిన మాష్టారు. తర్వాత ముఖ్య అతిథి, ఆవిష్కర్త, సమీక్ష, తొలి ప్రతి స్వీకర్త, వందన సమర్పణ. ఇంతటితో సరిపోతుందనుకున్నాను. పేటలో ఇద్దరు ముగ్గురు "మా పేరు లేదేమమ్మా" అనకుండానే అనిపించేట్టు మాట్లాడారు. దాంతో విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అని చోట్లు పుట్టించాల్సి వచ్చింది. పేర్లు పన్నెండయ్యాయి. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అన్నదానికి మా ఇంట్లో రెండు రాత్రులు పట్టాయి. డీటీపీలో మనం ఫోన్లో టైపు చేసే యూనికోడ్ నుంచి ప్రెస్సువాళ్లు వాడే అనూ ఫాంటుకి మార్చేటప్పుడు వత్తులు కొన్ని రాలిపోయాయి, ఆవిష్కర్త కాస్తా "ఆవిష్కర" అయ్యాడు. ప్రూఫు ప్రింటు తీయించుకుని చూశాను కాబట్టి దొరికింది. ఫోన్‌లో వాట్సాప్ బొమ్మ చూసి సరే అనేస్తే 200 కార్డులూ అలాగే వచ్చేవి. కార్డులకి 1,400.

అక్టోబరు 22కి కార్డులు పంచడం అయిపోయింది. 25 నుంచి తుపాను మాట మొదలైంది.

మొంథా అక్టోబరు 28 రాత్రి తీరం దాటింది. దాటింది నరసాపురం వైపే అయినా మాకు అంతకు ముందునుంచీ కుండపోత. కరెంటు పోయింది. 29 పొద్దున మోకాళ్ల లోతు నీళ్లలో హాలు దగ్గరికి వెళ్తే తలుపు కింద నుంచి చాపలు, పాత రికార్డులు తేలుతున్నాయి. అక్కడి నుంచి మా వెనక వీధికి వెళ్లాను. అక్కడ చూసింది ఇప్పటికీ కళ్ల ముందుంది. బాబాయ్ వాళ్ల ఇంట్లో మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట నిండా మట్టినీళ్లు. తొక్కుడు చెక్కలు నీళ్లలో మునిగిపోయాయి. పైన మగ్గం మీద సగం నేసిన చీర, దాని మీద కప్పిన పాలిథిన్ కవరు. పిన్ని తలుపు చెక్క మీద కూర్చుని నూలు చుట్టే కండెలు ఒక్కొక్కటే తుడిచి చేటలో ఆరేస్తోంది. బాబాయ్ నన్ను చూసి, "ఆదివారం నీ మీటింగు ఉంటదా?" అనడిగాడు. ఇంట్లో అంత నష్టం పెట్టుకుని నన్ను ఆ మాట అడిగాడు. నాకు నోరు పెగల్లేదు.

వాయిదా వేశాం. సభ పెట్టడం కన్నా వాయిదా వేయడం పెద్ద పని. ఫోన్లు ఛార్జింగు లేక ఆగిపోతుంటే రెండు రోజుల్లో 70 మందికి పైగా చెప్పాను. 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, మాష్టారికీ లెక్చరర్‌గారికీ అక్కడ పనులుంటాయి. అందుకని నవంబరు 23, ఆదివారం అన్నాం. కొత్త కార్డులు వేయించలేదు. మిగిలిన వాటి మీద తేదీ కొట్టేసి పెన్నుతో రాశాను. ఇలాంటప్పుడు సభేమిటి, అసలు మానేద్దామా అని కూడా అనిపించింది. అమ్మతో అంటే, "నీళ్లు పోతాయి, జనం మళ్లీ మగ్గం ఎక్కుతారు. నువ్వు పిలిచినవాళ్లని పిలు" అంది.

23 పొద్దున రచయిత్రిగారు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. స్టేషన్ నుంచి ఇంటికి తీసుకొచ్చి టిఫిను పెట్టి 10.15కి హాలుకి వెళ్తే మైకు అతను ఇంకా వైర్లు కలుపుతున్నాడు. 10.40కి హాల్లో ఉన్నది తొమ్మిది మంది, అందులో ఐదుగురు మావాళ్లే. వంద కుర్చీల్లో తొమ్మిది మంది. ఆ పావుగంటా నేను గుమ్మం దగ్గర నిలబడి రోడ్డుకేసి చూసినట్టు ఎప్పుడూ దేనికోసమూ చూడలేదు. 11.00 తర్వాత ఆడవాళ్లు రావడం మొదలైంది. ఇంటిపని, వంటపని తెముల్చుకుని రావాలి కదా వాళ్లు. ఆ సంగతి నాకు తట్టి ఉండాల్సింది. 11.20కి 50 దాటారు. రిజిస్టరులో చివరికి 61 సంతకాలు, అందులో ఏడు వేలిముద్రలు. స్టాంపు ప్యాడ్ ఎవరు తెచ్చిపెట్టారో తెలియదు, వాళ్లకి దండం పెట్టాలి.

తొలి ప్రతి మా అమ్మకి ఇప్పించాను. ముప్ఫై ఏళ్లు కండెలు చుట్టిన చెయ్యి. పుస్తకం పుచ్చుకుని, అందరూ చప్పట్లు కొడుతుంటే, అట్ట మీద నా పేరు కూడబలుక్కుని పైకి చదివింది. మైకు దగ్గరే ఉండటంతో అది హాలంతా వినపడింది. శాలువాల బదులు అతిథులకి మా పేటలో నేసిన తువ్వాళ్లు ఇచ్చాం, ఎనిమిది తువ్వాళ్లు 1,440. ఒక్కరూ వెలితిగా చూడలేదు. రచయిత్రిగారు అంచు తిప్పి చూసి ఇది ఎవరు నేశారని అడిగితే మూడో వరుసలో ఒకామె చెయ్యెత్తింది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, మొహమాటానికి ఆఖర్లో చేర్చుకున్న ఒక పెద్దమనిషి దగ్గర. ఆయనకి పది నిమిషాలని చెప్పాం. 48 నిమిషాలు మాట్లాడారు. తన చిన్నతనం, తను చూసిన సభలు, ఇప్పటి పిల్లల చదువు. నా పుస్తకం పేరు ఒకసారి తప్పుగా పలికారు. చీటీ పంపితే మడిచి జేబులో పెట్టుకున్నారు. వెనక వరుసల్లోంచి ఒకరి తర్వాత ఒకరు లేచి పోతుంటే నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. వాళ్లంతా వంట మధ్యలో ఆపుకుని వచ్చినవాళ్లు. పద్దెనిమిది మంది వెళ్లిపోయారు, నేను లెక్కపెట్టాను. చదివిన నలుగురినీ ముందు మాట్లాడించి, పెద్దలని తర్వాతకి పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. కార్డు మీద పేర్ల వరుసే మాట్లాడే వరుస కావాలని ఎక్కడా లేదు. ఆ ముక్క నాకు ఆలస్యంగా అర్థమైంది.

1.05కి చదివినవాళ్ల వంతు వచ్చింది. నర్సమ్మ కాగితం చూసి చదివింది. ఒక కథలో కాన్పు సన్నివేశం నిజంగా ఎలా ఉంటుందో చెప్పి, "ఇంత నిశ్శబ్దంగా ఎవరూ కనరమ్మా" అంది. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. డిగ్రీ అమ్మాయి తన ఇంట్లో జరిగినట్టే ఉన్న ఒక కథ గురించి చెప్పబోయి మధ్యలో ఆపేసి కూర్చుంది. ఆ ఆపడం నాకు ఏ సమీక్షలోనూ దొరకదు.

చివర బాబాయ్. మైకు పట్టుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని, పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న నూలుపోగు దగ్గర తెరిచాడు. 87వ పేజీ.

"అమ్మాయ్, ఇందులో వాన కథ ఉంది. గుంటలో నీళ్లొచ్చినయ్యి. మొగుడూ పెళ్లాం రాత్రంతా కూర్చుని నీళ్లు తోడారు. ఆ మాట నిజమే. కానీ మర్నాడు పొద్దున్నే వాడు మగ్గం ఎక్కి నాడె వేశాడని రాశావు."

"అవును బాబాయ్." నాడె వేయడమంటే పడుగు మధ్య, అంటే నిలువు పోగుల మధ్య, అడ్డపోగు పంపి నేత మొదలుపెట్టడం.

"ఎట్టా వేస్తాడు? నీళ్లు తోడితే గుంట ఆరిద్దా? లోపల చెమ్మ అట్టాగే ఉంటది. పడుగుకి గంజి పట్టించి ఉంటది కదా, ఆ చెమ్మకి బూజు పట్టుద్ది. పోగు పోగూ అంటుకుపోద్ది. నాడె వేస్తే టపటపా తెగుద్ది. తుపాను పోయి ఇవాళ్టికి పాతిక రోజులు. మా గుంట ఇంకా ఆరలా. నేనింకా మగ్గం ఎక్కలా."

హాలు నిశ్శబ్దమైపోయింది. నాకు ముఖం వేడెక్కింది. మా నాన్న నా పదో ఏట మగ్గం మానేశాడు, మా ఇల్లు మెరక మీద ఉండేది, మా గుంటలోకి ఎప్పుడూ నీళ్లు రాలేదు. ఆ కథ విన్నమాటల మీద రాశాను. ఒక వారపత్రికలో అచ్చయింది, ముందుమాటలో మెచ్చుకున్నారు, ప్రూఫులు ముగ్గురు దిద్దారు. ఎవరికీ కనపడలేదు. కథంతా నిలబడ్డదే ఆ మర్నాటి పొద్దు మీద. రాత్రి కష్టపడ్డారు, పొద్దున్నే మళ్లీ నేత చప్పుడు వినిపించింది అని ముగించాను. ఆ ముగింపుకే నన్ను అందరూ మెచ్చుకున్నారు.

బాబాయ్ కూర్చోబోతూ ఇంకో మాట అన్నాడు. "ఆ పాతిక రోజులూ ఇంట్లో ఎట్టా గడిచిద్దో, అది రాయాల్సింది నువ్వు."

రచయిత్రిగారు తన ప్రసంగం మానుకున్నారు. ఆవిడకి ఇరవై నిమిషాలుంది. ఆ సమయం అంతా వినేవాళ్లకే ఇచ్చారు. పాతిక రోజుల్లో ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ ఏమన్నాడు, పిల్లల ఫీజు ఏం చేశారు అని ఒక్కొక్కళ్లని అడిగారు. ఒకరు చెప్పింది ఇంకొకరు దిద్దారు. నేను కార్డుల వెనక రాసుకుంటూ పోయాను. తేదీ తప్పిన కార్డులు అందుకు పనికొచ్చాయి. సభ 2.40కి ముగిసింది. భోజనాలు చల్లారిపోయినా ఎవరూ ఏమీ అనలేదు.

ఖర్చు ఎంతయిందని చాలామంది అడిగారు, రాస్తున్నాను. హాలు 2,000, కుర్చీలు 800, మైకు 2,500, ఫ్లెక్సీ 900, కార్డులు 1,400, పోస్టేజీ 560, అతిథుల రానూపోనూ 2,600, పాతిక మందికి భోజనం 3,750, టీ, పలహారం 1,750, తువ్వాళ్లు 1,440. మొత్తం 17,700. సభలో 120కే ఇచ్చాం, 34 కాపీలు పోయి 4,080 వచ్చింది. చేతినుంచి పడింది 13,620. ఫ్లెక్సీ, భోజనాల్లో సగం లేకపోయినా సభకి లోటుండేది కాదు. మైకు మాత్రం మంచిది పెట్టుకోవాలి. మాది మొదటి గంటంతా కూతపెట్టింది, నర్సమ్మ చదివింది వెనకవాళ్లకి సగమే వినిపించింది. అది నాకు ఇప్పటికీ బాధే. పుస్తకాల బల్ల దగ్గర చిల్లర కూడా ఉంచుకోవాలి. ఫోన్‌తో డబ్బు పంపేవాళ్లు తక్కువ, 500 కాగితాలు ఎక్కువ. చిల్లర లేక నలుగురైదుగురు తర్వాత తీసుకుంటామని వెళ్లిపోయారు.

తర్వాత వారం రోజులు నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇంకా మూడు పెట్టెలు విప్పనేలేదు, 87వ పేజీ అన్నిట్లోనూ అలాగే ఉంది. రెండో ముద్రణ వస్తే మార్చుకోవచ్చని లెక్చరర్‌గారన్నారు. రెండో ముద్రణ ఎప్పుడొస్తుంది, వస్తుందో రాదో. అప్పటిదాకా ఆ తప్పుతోనే అమ్మడం నా వల్ల కాలేదు.

డిసెంబరు 14, ఆదివారం బాబాయ్ వాళ్ల వసారాలో తొమ్మిది మందిమి కూర్చున్నాం. కార్డు లేదు, మైకు లేదు. అప్పటికి ఆయన మగ్గం ఎక్కి ఆరు రోజులైంది. వాన కథ నేను మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. నీళ్లు తోడేచోట పిన్ని ఆపి, బిందెతో కాదు, గుంట అడుగున బిందె పట్టదు, డొక్కు చెంబుతో తోడతామంది. అదీ రాసుకున్నాను. డిగ్రీ అమ్మాయి తన కాలేజీ దగ్గర జిరాక్సు తీయించి సవరణ చీటీలు తెచ్చింది: "87వ పేజీలో 'మర్నాడు పొద్దున్నే' అన్నచోట 'నలభై రోజులకి' అని చదువుకోగలరు." ఆ నలభై ఏమిటంటే, 29 అక్టోబరు నుంచి బాబాయ్ నాడె వేసిన రోజు దాకా ఆయనే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.

చీటీలు అతికించడానికి నేను గమ్ము సీసా తీస్తే బాబాయ్ వద్దన్నాడు, కాగితం ముడత పడుద్దట. పిన్నిని పిలిచి, పడుగుకి కాచినట్టు కాకుండా పల్చగా, గుడ్డలో వడగట్టి గంజి తెమ్మన్నాడు. చీకటి పడేసరికి 112 పుస్తకాలకి అతికించాం. మిగతా పెట్టెలు వచ్చే ఆదివారం తెమ్మన్నాడు.